ప్రాథమిక తరగతుల పిల్లల చదువు సమాచారం: విశాఖ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లల ఇళ్లకు వారం వారం తరగతి సమాచారం పంపుతున్నప్పుడు అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. గేటు దగ్గర అడిగేవారు కొందరు, ఫోను చేసి అడిగేవారు కొందరు, అడగలేక ఊరుకునేవారు ఇంకొందరు. టీచరుగా నాకు ఎదురైన ఆ ప్రశ్నలను తల్లిదండ్రులు అడిగిన మాటల్లోనే ఉంచి ఇక్కడ చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. బిడ్డ ఈ వారం ఏం చేయగలుగుతోందో, ఎక్కడ ఆగిపోతోందో ఇంట్లోవాళ్లకు స్పష్టంగా తెలియాలని, ఇంట్లో కనిపించేది టీచరుకూ తెలియాలని నా గట్టి నమ్మకం. జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

## బడి తెరిచిన కొత్తలో

తరగతి సమాచారం అంటే ఏమిటి? డైరీలో రాసే హోంవర్కుకూ దీనికీ తేడా ఉందా?

ఉంది. హోంవర్కు రేపటికి చేసి తేవలసిన పని. ఈ వారం ఏం నేర్పారో, మీ బిడ్డ దాన్ని ఎంతవరకు అందుకుందో, వచ్చే వారం ఏది మొదలవుతుందో, ఇంట్లో ఏ చిన్న సాయం పనికొస్తుందో చెప్పేది తరగతి సమాచారం. రెండో తరగతి పాప ఇంటికి వెళ్లే సమాచారం ఇలా ఉంటుంది: "అక్క, పువ్వు, చెట్టు వంటి ద్విత్వాక్షరాల పదాలను పాప తడబడకుండా చదువుతోంది. సంయుక్తాక్షరం వచ్చేసరికి ఒత్తు వదిలేసి సూర్యుడును 'సూరుడు' అని, చక్రంను 'చకం' అని చదువుతోంది. రాత్రి అన్నం తిన్నాక ఇలాంటి ఐదు పదాలు గట్టిగా చదివించండి." ఇందులో మార్కులు లేవు, ర్యాంకు లేదు. అయినా ఆ రాత్రి ఇంట్లో ఏం చేయాలో అమ్మకు తెలిసిపోతుంది.

ఇలా చెప్పడం టీచర్ల ఇష్టమా, లేక చెప్పి తీరాలన్న నియమం ఉందా?

చట్టమే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 2009లోని 24వ సెక్షన్ ప్రకారం, ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే సామర్థ్యం, చదువులో సాధించిన ప్రగతి గురించి వారికి తెలియజేయాలి. 29వ సెక్షన్ పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెబుతుంది. వారానికి ఒకసారి పంపాలా, వాట్సాప్‌లో పంపాలా, కాగితం మీదా అన్నది మాత్రం ఏ బడికి ఆ బడి నిర్ణయించుకునే విషయం. కాబట్టి "మా పాప చదువు ఎలా ఉంది" అని అడగడానికి ఎవరూ సంకోచించనవసరం లేదు. అది మీకు రావలసిన జవాబు.

మాకు చదువు రాదు. మెసేజ్ వస్తే ఎవరితో చదివించుకోవాలి?

మెసేజ్ బదులు వాయిస్ పంపమని టీచరు గారిని అడగండి. అరనిమిషం మాటలో చెప్పవలసిందంతా చెప్పవచ్చు, మీరు రెండు మూడు సార్లు వినవచ్చు. ఈ మాట అడగడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ బడి తెరిచిన మొదటి వారంలోనే అడగడం మంచిది.

చదువు రాని తల్లిదండ్రులు కూడా బిడ్డ చదువుతోందో లేదో స్వయంగా చూసుకోవచ్చు. పుస్తకం తీసి, వేలు పెట్టి చదవమనండి. వేలు ఒక పదం దగ్గర ఉండగానే నోరు నాలుగు పదాలు దాటిపోతే ఆ పాఠం కంఠతా వచ్చిందన్నమాట, ఇంకా చదవడం రాలేదు. అప్పుడు పేజీ మధ్యలో మీకు తోచిన చోట మీరే వేలు పెట్టి "ఇక్కడ ఏముంది?" అని అడగండి. చదవడం వచ్చిన పిల్ల ఆగి, చూసి, చెబుతుంది. కంఠతా పట్టిన పిల్ల మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంటుంది. ఆ తర్వాత కథను సొంత మాటల్లో చెప్పించుకోండి. మీరు చూసినది మరుసటి రోజు టీచరుకు చెబితే, అది ఏ పరీక్ష ఫలితానికీ తీసిపోని సమాచారం.

ఇంట్లో ఒక్కటే ఫోను. అది వాళ్ల నాన్న డ్యూటీకి పట్టుకెళ్తారు. నాకు సమాచారం ఎలా అందుతుంది?

స్టీల్ ప్లాంటులో, పోర్టులో, షిప్‌యార్డులో షిఫ్టులు చేసే కుటుంబాలన్నింటిలో ఇదే ఇబ్బంది. బీ షిఫ్టు చేసి రాత్రి ఇంటికి చేరే మనిషి ఆ మెసేజ్ చూసే వేళకు బిడ్డ నిద్రపోయి ఉంటుంది. బడిలో రెండో నంబరు ఇవ్వండి. అది అమ్మమ్మదైనా, పక్కింటివారిదైనా పరవాలేదు. అదీ కుదరకపోతే శుక్రవారం నాడు నోటుబుక్కు వెనక పేజీలో రెండు వాక్యాలు రాసి పంపమని అడగండి. నా అనుభవంలో పిల్లల చేతికిచ్చిన కాగితం ఫోను మెసేజ్ కంటే ఎక్కువగా చదవబడుతుంది, ఎందుకంటే దాన్ని తెచ్చిన బిడ్డే "అమ్మా, ఇది చదువు" అని వెంటపడుతుంది.

మేము ఒడిశా నుంచి వచ్చాం. ఇంట్లో ఒడియా మాట్లాడతాం. తెలుగులో వచ్చే సమాచారం మాకు ఎలా ఉపయోగం?

మీ ఇంటి భాష ఏమిటో చేర్పించేటప్పుడే చెప్పండి. తెలుగు విని అర్థం చేసుకోగలిగితే చిన్న చిన్న మాటలతో వాయిస్ పంపమని కోరవచ్చు. బిడ్డతో ఒడియాలో మాట్లాడడం మాత్రం మానవద్దు. కథ విని, అర్థం చేసుకుని, తిరిగి చెప్పడం ఒక భాషలో వచ్చిన బిడ్డకు ఆ శక్తి రెండో భాషలోనూ అక్కరకు వస్తుంది.

## వారం వారం సమాచారం వస్తున్నప్పుడు

మార్కులు చెప్పకుండా "కూడబలుక్కుని చదువుతోంది" అని రాస్తే మాకేం తెలుస్తుంది?

పదికి ఆరు అనే అంకె కంటే ఎక్కువే తెలుస్తుంది. క, ల, ము అని విడివిడిగా పలికి, ఆ తర్వాత "కలము" అని కలిపి చెప్పడం కూడబలుక్కోవడం. అంటే అక్షరాలు వచ్చాయి, వాటిని కలపడం కూడా వచ్చింది, వేగం ఇంకా రాలేదు. ఈ దశలో పిల్లల శ్రమంతా అక్షరాల మీదే పోతుంది కాబట్టి వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు, ప్రశ్న అడిగితే జవాబు చెప్పలేరు. దానిని తెలివితక్కువతనం అనుకోకూడదు. ఇప్పుడు వాళ్లకు కొత్త పాఠాలు అవసరం లేదు. తెలిసిన చిన్న పేజీనే నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ చదివితే కూడబలుక్కోవడం తగ్గి మాట ధారగా వస్తుంది.

పదికి ఆరు అని మాత్రమే రాస్తే పోయిన నాలుగు మార్కులు గుణింతంలో పోయాయో, ఒత్తుల్లో పోయాయో, ప్రశ్న అర్థం కాక పోయాయో ఎవరికీ తెలియదు.

నిమిషానికి ఇన్ని పదాలు చదవాలంటున్నారు. మా బాబు అన్ని చదవడం లేదు. కంగారు పడాలా?

ఈ లెక్క కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం నుంచి వచ్చింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, ప్రాథమికమైన లెక్కలు చేయడం రావాలన్నది దాని ఉద్దేశం, 2026-27 దానికి పెట్టుకున్న గడువు. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని అందులో లక్ష్యాలు ఉన్నాయి.

అయితే తెలుగు పదం పొడవైనది. "చదువుకోవాలనుకుంటున్నాడు" అన్నది మనకు ఒక్కటే పదం. అదే భావాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే నాలుగైదు పదాలు కావాలి. కాబట్టి ఒకే పిల్లవాడు రెండు భాషల్లో ఒకే వేగంతో చదివినా తెలుగులో పదాల లెక్క తక్కువ వస్తుంది. టీచరు పంపిన అంకెను నెలకు నెలకు మీ బాబుతోనే సరిచూడండి, పక్కింటి పిల్లవాడితో కాదు. ఇంట్లో ఫోనులో టైమరు పెట్టి చదివించవద్దు. గడియారానికి భయపడిన పిల్లలు పదాలు మింగేస్తారు, అర్థం వదిలేస్తారు.

లెక్కలు తప్పు అని కొట్టేస్తున్నారు. ఎందుకు తప్పో చెప్పడం లేదు. ఏమని అడగాలి?

"తప్పు ఎక్కడ మొదలైంది?" అని అడగండి. ఒక ఉదాహరణ చూపిస్తాను. రెండో తరగతి నోటుబుక్కులో 43, 28 కూడితే 611 అని రాసి ఉంటుంది. చూడగానే పెద్దలకు కోపం వస్తుంది. కానీ ఆ బిడ్డ 3, 8 కలిపి 11 అని సరిగానే కూడింది. 4, 2 కలిపి 6 అనీ సరిగానే కూడింది. ఆ 11లో ఒక పది ఉందని, అది పదుల వరుసలోకి వెళ్లాలని మాత్రం తెలియలేదు. ఇక్కడ లోపం కూడికలో లేదు, స్థానవిలువలో ఉంది. అలాంటి బిడ్డకు ఇంకో ఇరవై కూడికలు ఇస్తే ఇరవైసార్లు అదే తప్పు చేస్తుంది.

చీపురు పుల్లలు విరిచి, పది పది చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. 43 అంటే నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. 28 అంటే రెండు కట్టలు, ఎనిమిది విడి పుల్లలు. విడి పుల్లలు కలిపితే పదకొండు అవుతాయి. వాటిలో పదింటికి బ్యాండు వేసి కొత్త కట్ట చేయమనండి. ఇప్పుడు ఏడు కట్టలు, ఒక పుల్ల. ఇది రెండు మూడు రోజులు చేతులతో చేసిన బిడ్డకు కాగితం మీద 71 రాయడానికి ఇక పెద్దగా చెప్పవలసింది ఉండదు.

తీసివేతలోనూ ఇంతే. 52లోంచి 27 తీస్తే 35 అని రాసిన బిడ్డ రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది. ఇటువంటి తప్పును గుర్తించి ఒక్క వాక్యంలో ఇంటికి రాయడం టీచరు పని అని, ఎర్ర గీత కంటే ఆ వాక్యమే విలువైనదని నేను అనుకుంటాను.

పాప ఇంగ్లీషు మీడియం. మేము తెలుగులో చెబితే గందరగోళపడుతుందా?

పడదు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ద్విభాషా పద్ధతిలో వస్తున్నాయి. ఎదురెదురు పేజీల్లో ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లీషు ఉంటాయి. మొక్కలో వేరు ఏం చేస్తుందో తెలుగులో అర్థమైతే ఇంగ్లీషు పేజీలో కొత్తగా నేర్చుకోవలసింది మాటలే. మీకు వచ్చిన భాషలో విషయం చెప్పండి.

తరగతి వాట్సాప్ గ్రూపులో మిగతా పిల్లల నోటుబుక్కులు చూస్తుంటే మా వాడు వెనకబడ్డాడనిపిస్తోంది. నిజమేనా?

గ్రూపులోకి వచ్చే ఫొటోలు సాధారణంగా బాగున్న పేజీలవే. వాటిని బట్టి తరగతి మొత్తం అలా ఉందని అనుకోవద్దు. మీ బాబు గురించి తెలుసుకోవాలంటే ఈ జూన్‌లో రాసిన పేజీ, ఇప్పటి పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక ఒక బిడ్డ మార్కులను, తప్పులను అందరి గ్రూపులో పెట్టడం సరైన పద్ధతి కాదు. అలా జరిగితే విడిగా పంపమని మర్యాదగా కోరండి.

మా పాప ఫొటో గ్రూపులో పెట్టవద్దని చెప్పవచ్చా? చెబితే ఏమైనా అనుకుంటారా?

చెప్పవచ్చు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 కూడా 18 ఏళ్లు నిండనివారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి ప్రాధాన్యం ఇచ్చింది. రెండు వాక్యాల్లో రాసి ఇవ్వండి. అలాగే గ్రూపులో వచ్చిన ఇతరుల పిల్లల ఫొటోలను మీ స్టేటస్‌లో పెట్టకండి.

సమాచారం వచ్చిన ప్రతిసారీ మేము జవాబు పంపాలా?

అక్కర్లేదు. నమస్కారాలు, బొటనవేలు బొమ్మలు లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ బిడ్డ చదువు మీద పడే మార్పు ఇంట్లో వస్తే తప్పక చెప్పండి. జాలారిపేట, ఫిషింగ్ హార్బరు పరిసరాల పిల్లలనే చూడండి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది. ఆ రెండు నెలలూ నాన్న ఇంటి దగ్గరే ఉంటారు. జూన్ నడిమికి నిషేధం ముగిసి బోట్లు కదులుతాయి, సరిగ్గా ఆ రోజుల్లోనే బళ్లూ తెరుస్తారు. మరబోటు మీద వెళ్లిన మనిషి రోజుల తరబడి సముద్రం మీదే ఉంటారు. మొదటి వారంలో బిడ్డ దిగులుగా, మాట్లాడకుండా కూర్చుంటే టీచరు దాన్ని చదువు మీద అనాసక్తి అనుకునే ప్రమాదం ఉంది. "వాళ్ల నాన్న వేటకెళ్లారు, బెంగ పెట్టుకున్నాడు" అన్న ఒక్క మాట చాలు, టీచరు ఆ బిడ్డను చూసే తీరు మారుతుంది.

## బిడ్డ వెనకబడుతున్నట్టు అనిపించినప్పుడు

"చదువులో వెనకబడ్డాడు" అని రాశారు. ట్యూషన్ పెట్టించాలా?

వెంటనే వద్దు. "వెనకబడ్డాడు" అన్న మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. ఏ విషయంలో, ఏ మెట్టు దగ్గర ఆగాడో అడిగి తెలుసుకోండి. నాలుగో తరగతి బాబు భాగహారం చేయలేకపోతున్నాడంటే చాలాసార్లు ఎక్కాలు రాకపోవడమో, తీసివేత సరిగా రాకపోవడమో కారణం అవుతుంది. ట్యూషన్‌లో సాధారణంగా జరిగేది రేపటి హోంవర్కు పూర్తి చేయించడం. దానివల్ల నోటుబుక్కు నిండుతుంది కానీ రెండో తరగతిలో తప్పిపోయిన మెట్టు అలాగే ఉండిపోతుంది.

టీచరు చెప్పిన ఆ ఒక్క మెట్టు మీద రోజూ పావుగంట చొప్పున మూడు వారాలు ఇంట్లో కూర్చోబెట్టి చూడండి. ఆ తర్వాత మళ్లీ టీచరును కలవండి. ఇంట్లో కూర్చోబెట్టే మనిషే లేకపోతే ట్యూషన్ పెట్టించడంలో తప్పు లేదు. అప్పుడు కూడా బడి నుంచి వచ్చిన సమాచారాన్ని ట్యూషన్ చెప్పేవారికి చూపించి, పని అక్కడి నుంచి మొదలుపెట్టమనండి.

బోర్డు మీది సరిగా దింపుకోడు. పిలిచినా పలకడు అని రాశారు. బద్ధకమా?

బద్ధకం అనే ముందు కళ్లు, చెవులు చూపించండి. కళ్లు చికిలించడం, పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకోవడం చూపు సమస్యకు గుర్తులు కావచ్చు. జలుబు చేసినప్పుడల్లా చెవి కారడం, టీవీ శబ్దం పెంచమనడం, వెనక నుంచి పిలిస్తే తిరగకపోవడం వినికిడి సమస్యకు గుర్తులు కావచ్చు. తనకు సరిగా కనబడడం లేదని చిన్నపిల్లలు చెప్పలేరు, లోకం అందరికీ అలాగే ఉంటుందనుకుంటారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బళ్లలో వైద్య పరీక్షలు చేస్తారు. అప్పటివరకు ఆగనవసరం లేకుండా విశాఖలోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. ఫలితం టీచరుకు చెప్పి ముందు వరుసలో కూర్చోబెట్టమని అడగండి.

అక్షరాలు, అంకెలు తిప్పి రాస్తోంది. ఏదైనా లోపమా?

ఒకటి, రెండు తరగతుల్లో 3, 7 వంటి అంకెలను అద్దంలో చూసినట్టు రాయడం, ప-వ, మ-య తారుమారు చేయడం సాధారణం. అభ్యాసంతో చాలామందికి పోతుంది. మూడో తరగతి దాటినా అలాగే ఉండి, నోటితో చక్కగా జవాబు చెప్పే బిడ్డ చదవడంలోనూ రాయడంలోనూ మాత్రం ఎంతో కష్టపడుతుంటే నిపుణులకు చూపించాలి. తెలివి ఉన్నా చదవడం, రాయడం వంటివి నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బందిని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అది ఒకటి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద భవిత కేంద్రాలు ఉన్నాయి, వివరాలు ప్రధానోపాధ్యాయుల దగ్గర దొరుకుతాయి. టీచరు చేయగలిగింది గమనించి చెప్పడమే. ఇది ఫలానా సమస్య అని తేల్చి చెప్పే అధికారం టీచరుకు లేదు, తేల్చి రాస్తే ఒప్పుకోవద్దు.

సమాచారం చూసి వాళ్ల నాన్న కొడుతున్నారు. తక్కువ వచ్చినప్పుడు రాయకుండా ఉంటారా మేడం?

నన్ను అన్నింటికంటే కలవరపెట్టే ప్రశ్న ఇది. బిడ్డకు సాయం అందాలని రాసిన వాక్యం బిడ్డ వీపు మీద దెబ్బగా మారితే ఆ వాక్యం రాయకపోవడమే నయమనిపిస్తుంది. అయినా రాయకుండా దాచడం దారి కాదు. దాచితే ఇంట్లో అంతా బాగుందనుకుంటారు, బిడ్డ కష్టం ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది.

దెబ్బలు తిన్న పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, డైరీ దాచడం. పేజీ చింపేస్తారు, "ఈరోజు ఏమీ రాయలేదు" అంటారు, తెలియని లెక్కను టీచరును అడగడం మానేస్తారు. ఆ తర్వాత బడికీ ఇంటికీ మధ్య వార్త మోసుకొచ్చే మనిషే ఉండదు. మీ ఇంట్లో ఈ పరిస్థితి ఉందని టీచరుకు ఒక్కసారి చాటుగా చెప్పండి. అప్పుడు టీచరు ఆ సమాచారాన్ని రాసి పంపకుండా నాన్న గారితో ఫోనులో మాట్లాడతారు, బిడ్డకు వచ్చినది ముందు చెబుతారు, రానిదాని గురించి రోజూ పది నిమిషాలు ఆయనే చేయగల పని ఒకటి అప్పగిస్తారు. కోపం చేసే తండ్రులలో చాలామంది దిగులుతో చేస్తారు. చేయడానికి ఒక పని దొరికితే ఆ చేయి పుస్తకం పట్టుకుంటుంది.

## పరీక్షలు, ప్రగతి పత్రం, సమావేశాలు

చిన్న తరగతుల్లో ఫెయిల్ చేయరు కదా. మరి ఇంత సమాచారంతో పనేమిటి?

ఫెయిల్ చేయరు కాబట్టే పని ఉంది. చదవడం రాని బిడ్డ కూడా ఏటా పై తరగతికి వెళ్తుంది, పుస్తకం మాత్రం ఏటా బరువెక్కుతుంది. వార్షిక ఫలితం ఏ హెచ్చరికా ఇవ్వదు కాబట్టి వారం వారం సమాచారమే ఆ హెచ్చరిక ఇవ్వాలి. పైగా విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్‌ను 2019లో సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టడానికి, తప్పినవారికి రెండు నెలల్లోగా మరో అవకాశం ఇవ్వడానికి, అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది ప్రభుత్వం నిర్ణయించుకోవడానికి ఆ సవరణ వీలు కల్పించింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు బడి నుంచి తీసివేయడం మాత్రం కుదరదు.

ఎఫ్ఏ, ఎస్ఏ అంటున్నారు. ఏది పట్టించుకోవాలి?

ఎఫ్ఏ అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం. పాఠాలు సాగుతుండగానే చేస్తారు, దిద్దుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. ఎస్ఏ అంటే సంగ్రహణాత్మక మూల్యాంకనం, కొన్ని నెలల పాఠాలు ముగిశాక చేసేది. ప్రాథమిక తరగతుల్లో ఎఫ్ఏనే ఎక్కువ పట్టించుకోండి. ఎఫ్ఏ పేపరు ఇంటికి వచ్చినప్పుడు మొత్తం అంకెను చూసి మూసేయకుండా, తప్పిన ప్రశ్న ఒకటి తీసి బిడ్డతో మళ్లీ చేయించి, అప్పుడు వచ్చిందో లేదో టీచరుకు తెలియజేయండి.

ప్రగతి పత్రంలో మార్కులతో పాటు ఏవేవో వాక్యాలు ఉన్నాయి. వాటిని చదవాలా?

ముందు వాటినే చదవండి. జాతీయ విద్యా విధానం, 2020 సమగ్ర ప్రగతి పత్రం ఉండాలని చెప్పింది. టీచరు అంచనాతో పాటు బిడ్డ తన గురించి తాను చెప్పుకున్నది, తోటి పిల్లలు చెప్పినది కూడా అందులో ఉండాలన్నది ఆ ఆలోచన. "గుంపులో పనిచేసేటప్పుడు ఇతరుల మాట వింటాడు" అన్న వాక్యం మూడో తరగతిలో చిన్నదిగా కనిపించవచ్చు, కానీ చదువుకు అది ఎంతో అవసరం. వాక్యాలన్నీ "బాగుంది, ఇంకా కృషి చేయాలి" అనే ఉంటే, ఏ విషయంలో కృషి చేయాలో అడిగి రాయించుకోండి.

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వెళ్లాం. అందరి మధ్యా మా బిడ్డ గురించి అడగలేకపోయాం. ఇప్పుడెలా?

రాష్ట్రంలోని ప్రభుత్వ బళ్లలో 2024 డిసెంబర్ 7న మొదటిసారి, 2025 జూలై 10న రెండోసారి ఈ సమావేశాలు ఒకే రోజున పెద్ద ఎత్తున జరిగాయి. ఊరంతా బడికి రావడం ఎంతో మంచిది. కానీ ఒక బిడ్డ గురించి నింపాదిగా మాట్లాడుకోవడానికి ఆ సందడి అనువైనది కాదు. వేరే రోజు పది నిమిషాలు అడగండి. ఆ పది నిమిషాల్లో బిడ్డకు ఇప్పుడు ఏం వచ్చో, ఏది దగ్గరకొచ్చి ఆగిందో, ఇంట్లో మేమేం చేయాలో అడిగితే చాలు. నోటుబుక్కు టేబుల్ మీద తెరిచి ఉంచి మాట్లాడండి. బిడ్డను కూడా పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. అయితే అప్పుడు బిడ్డ తప్పులు వరసగా చదివి వినిపించవద్దు.

ఒక్క రోజు బడికి వస్తే ఒక్క రోజు కూలి పోతుంది. రాకపోతే పట్టించుకోరనుకుంటారేమో?

రాలేకపోవడం, పట్టించుకోకపోవడం వేరు వేరు విషయాలు. సాయంత్రం ఫోనులో మాట్లాడే వీలు అడగండి, లేదా తాతయ్యనో పిన్నినో పంపండి. ఇదే ఇబ్బంది చాలామందికి ఉంటే పాఠశాల యాజమాన్య కమిటీలో చెప్పి సమావేశాల వేళ మార్పించండి. చట్టప్రకారం ప్రభుత్వ బళ్లలోని ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలే ఉండాలి. మీవంటివారి మాట వినిపించడానికే అది ఉంది.

## సెలవులు, సంవత్సరం చివర

సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్తే పది రోజులు ఉండిపోతాం. పాఠాలు పోతాయా?

బడి సెలవులకు మించి ఉండేటట్టయితే వెళ్లే ముందే చెప్పి, ఆ రోజుల్లో ఏ అంశం మొదలవుతుందో తెలుసుకోండి. దారిలో బస్సు బోర్డులు, ఊర్ల పేర్లు, మైలురాళ్ల మీది అంకెలు చదివించండి. ఆనందపురం, తగరపువలస, రణస్థలం వంటి పేర్లు చదివిన పిల్లలకు సున్నా, ఒత్తు, గుణింతం అన్నీ ఒక్క ప్రయాణంలోనే తగులుతాయి.

తుఫాను వచ్చి బడి మూసేస్తే సమాచారం ఎలా వస్తుంది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అలాంటప్పుడు ఏ గ్రూపూ పనికిరాదు. బడి తెరిచాక మొదటి వారంలో పాఠం ఎక్కడ ఆగిందో, ఎక్కడ నుంచి మొదలుపెడుతున్నారో అడగండి. పుస్తకాలు తడిసి పాడైతే వెంటనే చెప్పండి. పిల్లలు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి ఖాళీ చేతులతో కూర్చుంటారు.

బడి మారుస్తున్నాం. కొత్త టీచరుకు ఏం చూపించాలి?

బదిలీ పత్రం బిడ్డ ఏ తరగతో చెబుతుంది, చదువు సంగతి చెప్పదు. చివరి రెండు నెలల సమాచారం, తెలుగు నోటుబుక్కు ఒకటి, లెక్కల నోటుబుక్కు ఒకటి తీసుకెళ్లండి. పాత టీచరు గారిని అడిగి అరపేజీ రాయించుకోగలిగితే ఇంకా మంచిది. బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్లలో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది.

వేసవి సెలవుల్లో అంతా మరిచిపోతుంది. ఏం చేయించాలి?

ఏప్రిల్ చివర్లో వచ్చే ఆఖరి సమాచారంలో సెలవులకు రెండే పనులు రాయమని టీచరును అడగండి. చదవడంలో ఒకటి, లెక్కల్లో ఒకటి చాలు. ఎండ తగ్గాక రోజూ పావుగంట, వారానికి ఐదు రోజులు చేయించండి. పై తరగతి పుస్తకాలు ముందే తెచ్చి చదివించవద్దు, వచ్చినదాన్ని గట్టిపరచడమే ఈ నెలన్నర పని. లెక్కలకు రైతుబజారు మంచి చోటు. కిలో ముప్పై రూపాయలంటే అరకిలో ఎంతో, యాభై ఇస్తే ఎంత తిరిగి రావాలో బిడ్డనే చెప్పమనండి. జూన్‌లో బడి తెరిచిన రోజు, ఆ రెండు పనుల్లో ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది చిన్న కాగితం మీద రాసి కొత్త తరగతి టీచరుకు ఇవ్వండి. ఆ ఏడాది బడికీ ఇంటికీ మధ్య నడిచే మొదటి సమాచారం మీ వైపు నుంచే వెళ్తుంది.